ఏసుపాదం పేటెంటు సంగతి

ఏసుపాదం కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు తెనాలిలో లేరు. అన్నం ముందు కూర్చున్నా అతని ఎడమ కాలు ఆడుతూనే ఉండేది.

"ఆ కాలికి ఓ బెల్టు తగిలిస్తే మనింట్లో ఫ్యాను తిరుగుతుందండీ. కరెంటు కలిసొస్తుంది" అనేది భార్య కృపమ్మ. ఆవిడ మిషన్ బళ్ళో టీచరు. పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించే గొంతుతోనే మొగుణ్ణి ఎగతాళి చేసేది.

వాళ్ళది రైలు కట్ట అవతల అద్దె ఇల్లు. వీధి వసారాయే అతని వర్క్‌షాపు. ఒక వెల్డింగు మిషను, ఒక డ్రిల్లింగు మిషను, రేకులు కోసే కత్తెర, గోడకు ఆనించిన ఇనప బద్దీలు. ఇంట్లోకి వెళ్ళాలంటే వాటి మధ్య నుంచి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెళ్ళాలి. కృపమ్మ చీరల్లో నిప్పురవ్వ పడి చిల్లి పడనిది లేదు.

ఏసుపాదం పుట్టింది చుండూరులో, కూలి చేసుకునే ఇంట్లో. పదో తరగతి తప్పాక తెనాలి వచ్చి ప్రకాశరావు అనే ఆయన వర్క్‌షాపులో చేరాడు. అక్కడ వడ్లు తూర్పారబట్టే ఫ్యాన్లు తయారుచేసేవాళ్ళు. గాలి లేని రోజున కళ్ళంలో ఆడవాళ్ళు ఆ ఫ్యాను పిడి తిప్పుతుంటే ఒకరు ధాన్యం పోస్తారు. పిడి బరువుగా ఉండి భుజాలు లాగేస్తున్నాయని ఆడవాళ్ళు తిట్టుకునేవాళ్ళు. ఏసుపాదం లోపలి చక్రాల కొలత మార్చాడు. పిడి తేలికైంది. ఫ్యాన్లు జిల్లా అంతా వెళ్ళాయి. వాటి మీద ఎర్ర రంగుతో "ప్రకాశరావు ఫ్యాను" అని రాయించారు.

"అయ్యగారూ, పక్కన చిన్నక్షరాలతో నా పేరు కూడా వేయిస్తారా?" అని ఏసుపాదం నవ్వుతూనే అడిగాడు.

"జీతం నేనిచ్చేది, పేరు నీదీనా? బాగుందయ్యా వరస" అని ఆయనా నవ్వుతూనే అన్నాడు. టీ కూడా తెప్పించి పోశాడు. మంచి మనిషే. కానీ ఆ మాట ఏసుపాదానికి చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. కొన్నేళ్ళకి అక్కడ మానేసి సొంతంగా వసారాలో పని మొదలుపెట్టాడు.

అలా మొదలుపెట్టాక చేసిందే మినుములు నూర్చే యంత్రం.

ఈ డెల్టాలో వరి కోత కాకముందే చేలో మినుములు చల్లుతారు. వరి ఇంటికి చేరాక మినుము పైకొస్తుంది. మాఘం వెళ్ళేనాటికి పీకి, కళ్ళంలో ఎండబెట్టి కర్రలతో కొడతారు, లేదా ట్రాక్టరు చేత తొక్కిస్తారు. ట్రాక్టరు తొక్కితే గింజ పగులుతుంది. పగిలిన గింజ విత్తనానికి పనికిరాదు, మిల్లువాడు ధర తెగ్గోస్తాడు. అప్పటికే ఉన్న నూర్పిడి యంత్రాల్లో డ్రమ్ముకు ఇనప పళ్ళుండేవి. అవీ పగలగొట్టేవే. ఏసుపాదం ఆ ఇనప పళ్ళు తీసేసి, పాత లారీ టైరు కోసి, ఆ రబ్బరు పట్టీలు డ్రమ్ముకు ఏటవాలుగా బిగించాడు. పట్టీ కాయను కొట్టదు, అరచేత్తో నలిపినట్టు నలుపుతుంది. గింజ చెక్కుచెదరకుండా రాలుతుంది. ఇద్దరు మనుషులు మోసుకెళ్ళగలిగినంత యంత్రం. ఇద్దరు చెరోవైపు పిడి తిప్పితే చాలు.

మొదటి యంత్రం బిగించిన రోజున కృపమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇది ఊరికి తీసుకెళ్దామండీ" అంది.

ఆవిడ పుట్టినూరు అడవులదీవి. రేపల్లె దాటి వెళ్ళాలి. అక్కడి లూథరన్ చర్చిలో పంటలు ఇళ్ళకు చేరాక కోతల పండుగ చేస్తారు. పొలం ఉన్నవాళ్ళు మొదటి ధాన్యం తెస్తారు. వేటకు వెళ్ళేవాళ్ళు మొదటి వలలో పడ్డ పండుగప్ప చేపను తెస్తారు. కోళ్ళు పెంచే ముసలమ్మ పుంజును చంకలో పెట్టుకొస్తుంది. కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రాడు మొదటి జీతం కవరు బల్ల మీద పెడతాడు. ప్రార్థన అయ్యాక వాటన్నిటినీ చర్చి ముంగిట్లోనే వేలం వేస్తారు. మీ చేతికి మొదటి పంట ఇదే కదా అని కృపమ్మ అంటే ఏసుపాదం కాదనలేకపోయాడు.

ఆ ఏడు గుమ్మడికాయలకూ కోళ్ళకూ మధ్య యంత్రాన్ని నిలబెట్టారు. అదెలా పనిచేస్తుందో చూపించమన్నారు. ఎవరో మినుము మోపు తెచ్చారు. ఆడవాళ్ళు వరసగా వచ్చి పిడి తిప్పి చూశారు. పాస్టరుగారు కూడా ఒక చెయ్యి వేశారు. వేలంలో కృపమ్మ బాబాయి సామ్యేలు పాడి తీసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏసుపాదం జీవితంలో అతని పేరు అంతమంది ముందు పలికింది ఆ రోజే. ఇది ఎనభై ఆరులో.

తర్వాత రెండేళ్ళలో అతను ఊరికి ఒకటి చొప్పున కొన్ని యంత్రాలు చేసి అమ్మాడు. ఎనభై ఎనిమిది మొదట్లో, మినుము పీకడానికి కాస్త ముందు, చలపతిరావు కబురు పెట్టాడు. ఆయనకు మెయిన్ రోడ్డులో వ్యవసాయ పనిముట్ల కొట్టుంది. నాగళ్ళ నుంచి ఆయిల్ ఇంజన్ల దాకా అన్నీ అమ్ముతాడు.

"కూర్చో. కూర్చోవయ్యా, నీ కాలు చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు చలపతిరావు. "నీ యంత్రం చూశాను. సంగం జాగర్లమూడిలో మా బావమరిది కొన్నాడు. మంచి సరుకు. మా కొట్టు వెనక ఖాళీ షెడ్డుంది. రేకులు, మోటారు, మనుషులు, అన్నీ నేను పెడతాను. నువ్వు చేయించు, నేను అమ్ముతా. పైన ఏం రాద్దాం?"

ఏసుపాదం కాలు ఇంకా వేగంగా ఆడింది.

"నీ పేరే రాద్దాం. 'ఏసుపాదం నూర్పిడి యంత్రం'. నీ ఫోటో కూడా వేయిద్దాం, మీసాలు కాస్త దువ్వుకో" అని నవ్వాడు చలపతిరావు. "ఒకటే షరతు. ముందు పేటెంటు తీసుకోవాలి. గుంటూరులో నాకు తెలిసిన వకీలున్నాడు, కాగితాలు మద్రాసు ఆఫీసుకు పంపిస్తాడు. ఖర్చు నాది. పేటెంటు లేకుండా నేను చెయ్యి పెట్టను. ఇవాళ నేను వంద చేయిస్తే, రేపు బెజవాడ వాడు ఒకటి విప్పి చూసి రెండొందలు చేస్తాడు. లోపల ఏముంది? టైరు ముక్కలే కదా!"

ఇంటికొచ్చి చెబితే కృపమ్మ ముందు నమ్మలేదు. "పేటెంటంటే దగ్గు మందు సీసాల మీద రాస్తారే, అదాండీ?" అంది. షెడ్డు సంగతి విన్నాక మాత్రం వసారా వైపు చూసి, "ఈ ఇనుమంతా ఇక్కణ్ణుంచి పోతుందా?" అని అడిగింది. అప్పుడే ఆ వసారాలో రెండు కుర్చీలు, ఒక తులసి కోట ఉన్నట్టు ఆవిడ కళ్ళల్లో కనిపించింది. క్రైస్తవులింట్లో తులసి కోటేంటి అని ఏసుపాదం ఏడిపిస్తే, "దగ్గుకి మంచిది. అదే నా పేటెంటు" అంది.

సంతకం పెట్టేముందు తెలిసినవాళ్ళను అడగడం మంచిదని ఏసుపాదానికి తోచింది. బాపట్ల వ్యవసాయ కాలేజీలో పనిముట్ల పాఠాలు చెప్పే సాంబశివరావుగారు ఒకసారి ఈ యంత్రం చూడ్డానికి వసారాకు వచ్చి వెళ్ళారు. ఆయన దగ్గరికి రైలెక్కాడు. దారి పొడుగునా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

సాంబశివరావుగారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి అంతా విన్నారు. తొందరపడి సలహా ఇచ్చే మనిషి కాదు.

"చూడండి ఏసుపాదం గారూ, పేటెంటంటే పొలానికి పట్టా లాంటిది. ప్రభుత్వం ఇది నీదేనని పధ్నాలుగేళ్ళకు రాసిస్తుంది. కానీ చేలో గేదె పడితే తోలుకోవాల్సింది మీరే. ప్రభుత్వం వచ్చి తోలదు."

"అంటే కోర్టాండీ?"

"కోర్టే. మీ యంత్రం లాంటిది ఏలూరులో ఎవడైనా చేస్తే మీకెలా తెలుస్తుంది? తెలిసినా ఎన్ని ఊళ్ళు తిరుగుతారు? చలపతిరావుగారు తిరగ్గలరు, వకీలును పెట్టగలరు. అందుకే ఆయనకు పేటెంటు పనికొస్తుంది. మీరొక్కరే వసారాలో చేసుకుంటే అంతగా పనికిరాదు. ఇంకోటి. మీ కాగితంలో టైరు పట్టీ అని ఉంటే ఇంకొకడు కాన్వాసు బెల్టు కడతాడు. వకీలు తెలివిగా రాయాలి. మంజూరయ్యేసరికి కొన్నేళ్ళు పట్టొచ్చు. అలాగని వద్దని చెప్పను. పెద్ద ఎత్తున చేస్తూ, వెనక డబ్బున్న మనిషి ఉన్నప్పుడు మంచిదే. మీ పేరు కాగితం మీద ఉంటుంది. ఎవరూ తీసెయ్యలేరు."

ఆ చివరి మాటకు ఏసుపాదం కాలు ఆగింది. తన పేరు ఎవరూ తీసెయ్యలేని చోట ఉంటుందని అతనితో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"అయితే తీసుకుంటానండి" అన్నాడు.

"ఒక్కటి అడగడం మరిచాను. ఈ యంత్రాన్ని దరఖాస్తుకు ముందు పదిమందిలో చూపించలేదు కదా? అంటే, జనం వాడేట్టుగా బయట పెట్టడం, అమ్మడం?"

"కొన్ని అమ్మానండి." ఏసుపాదం కోతల పండుగ సంగతి కూడా చెప్పాడు. పాస్టరుగారు పిడి తిప్పిన మాట చెబుతుంటే కాస్త గర్వంగానే ఉంది.

సాంబశివరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అలాగా! అది ఇబ్బందే. కొత్తదానికే పేటెంటు. దరఖాస్తుకు ముందే జనానికి తెలిసి, జనం వాడేస్తే అది కొత్తది కాదంటారు. ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనల్లో ముందుగా అనుమతి తీసుకుని పెడితే వేరు. చర్చి ముంగిట వేలం ఆ లెక్కలోకి రాదు. దరఖాస్తు వివరాలు గెజిట్లో వేస్తారు. చూసినవాడు ఎవడైనా వచ్చి, ఇది రెండేళ్ళ కిందే వేలం వేశారు అన్నాడంటే కథ అక్కడికి సరి."

"ఎవరూ రాకపోతేనండి?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "రాకపోతే పేటెంటు వచ్చేయవచ్చు. కానీ 'నాకు తెలిసినంతవరకూ ఇది కొత్తదే' అని మీరు రాసివ్వాలి. అది మీరే ఆలోచించుకోండి" అన్నారు.

తిరుగు రైలు ఆలస్యమైంది. ఏసుపాదం బాపట్ల ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. వేరుశెనక్కాయలమ్మే అతను చూసి చూసి, "ఏంటి బాబాయ్, రైలుకంటే ముందు నువ్వే తెనాలి చేరతావేంటి?" అన్నాడు.

చలపతిరావు ఈ కబురు విని కంగారుపడలేదు. ఆయనకు ఇలాంటివి చిక్కులే కావు.

"నువ్వు అమ్మిన నాలుగూ ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసు. కొత్తవి ఇచ్చి పాతవి వెనక్కి తెప్పిస్తాను. ప్రయోగానికి ఇచ్చాం అందాం. ఇక గుళ్ళో దేవుడికిచ్చింది అమ్మకమెలా అవుతుందయ్యా? మొక్కుబడి! అయినా ఆ ఊళ్ళో ఉన్నది మీవాళ్ళే కదా. నీకు ఎదురు ఎవడు చెబుతాడు? నువ్వెళ్ళి ఆ ఒక్క యంత్రం తెచ్చేసుకో. ఇంట్లో చెప్పి, ఊళ్ళో వాళ్ళను నోరు మెదపొద్దను. ఆదివారం వకీలు వస్తాడు."

ఇంట్లో చెప్పాడు. కృపమ్మ పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒకే పేపరు మీద ఎర్ర సిరా కలం ఆనించి ఉంచింది, అక్కడ చుక్క పెద్దదైంది.

"వెళ్ళి తెచ్చుకోండి. బాబాయితో నేను చెప్పానని చెప్పండి, ఇస్తాడు" అంది చివరికి. "ఈ వసారా చూస్తూ చూస్తూ నేనూ విసిగిపోయాను. షెడ్డొస్తే నాకంటే సంతోషించేవాళ్ళు లేరు. కానీ నలుగురి ముందు నా చేత్తో ఇచ్చినదాన్ని ఇవ్వలేదని నా చేత మాత్రం చెప్పించకండి. మా అమ్మ అడిగితే ఏం చెప్పను?"

"ఎవరూ అడగరు కృపా."

"అడగరు. మీరు అడగరనే అంటున్నారు, నేనూ అదే అనుకుంటున్నాను. ఇద్దరం అనుకుంటున్నాంగా, మరి మీకు అన్నం ఎందుకు దిగడం లేదు?"

మర్నాడు పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కాడు. రేపల్లెలో దిగి అడవులదీవి బస్సు పట్టుకున్నాడు. దారిలో మినుము పీకి కుప్పలు వేసి ఉన్నాయి. కొన్ని కళ్ళాల్లో నూర్పిళ్ళు సాగుతున్నాయి. దూరం నుంచే ఏ యంత్రం కనబడుతుందోనని కిటికీలోంచి మెడ సాచి చూశాడు. అన్నిచోట్లా కర్రలే.

సామ్యేలు ఇంటి ముందు మంచం మీద కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. అల్లుణ్ణి చూసి లేచాడు.

"రా అల్లుడూ! ఏంటి ఇలా ఊడిపడ్డావు? అమ్మాయి బాగుందా?"

"బాగుంది మావయ్యా. ఆ యంత్రం ఒకసారి తెనాలి తీసుకెళ్దామని వచ్చాను. కొత్తది చేసి పంపిస్తాను. దానికంటే మంచిది."

"ఏ యంత్రం?"

"అదే మావయ్యా, పండుగలో నువ్వు పాడుకున్నావే!"

సామ్యేలు పగలబడి నవ్వాడు. "నువ్వు ఒకటే పెట్టావనుకుంటున్నావు. అది పిల్లల్ని పెట్టింది అల్లుడూ! నిరుడు పిడి విరిగితే రేపల్లెలో ఇమామ్ సాహెబు దగ్గరికి పంపించాం, రేకుల పెట్టెలు చేసే సాయిబు. బాగుచేసి ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ దాన్ని చూసి ఇంకో ఐదారు చేసి అమ్మాడు. మనది మళ్ళీ మొన్న ఆయన దగ్గరికే పంపా, బేరింగు మోత పెడుతోందని. నీకు చెప్పలేదా ఎవరూ?"

ఏసుపాదం సామ్యేలు భార్య తెచ్చిన మజ్జిగ సగం తాగి, సగం అక్కడే వదిలి లేచాడు. "కూర్చో అల్లుడూ, బస్సుకింకా టైముంది" అన్నా వినలేదు. రోడ్డు మీదే నిలబడ్డాడు.

రేపల్లెలో ఇమామ్ సాహెబు షెడ్డు వెతకనక్కర్లేకపోయింది. రోడ్డు మీదికే అరుపులు వినపడుతున్నాయి. షెడ్డు ముందు ఎడ్లబండి మీద నూర్పిడి యంత్రం ఒకటి, దాని పక్కన విప్పిన గోతం. బండి ముందు ఒక రైతు దోసిట్లో మినుములు పట్టుకుని ఊగిపోతున్నాడు. అతని పేరు యలమంద అని సాయిబు పిలుస్తుంటే తెలిసింది.

"మినుములు నూర్చమంటే పప్పు చేసి ఇచ్చింది! ఇది నూర్చే మిషనా, విసిరే తిరగలా? ఇంక ఇడ్లీ కూడా వేసి ఇవ్వమను!"

"అరవకయ్యా యలమందా" అంటున్నాడు ఇమామ్ సాహెబు. నెరిసిన గడ్డం, చేతులకు నల్లటి మసి. "నేను కనిపెట్టిందా ఇది? తెనాలిలో ఎవరో కిరస్తానం ఆయన చేశాడంట. ఆయన డ్రమ్ము ఎట్టా ఉందో అట్టాగే కొట్టాను. టైరే వేశాను, చూడు. పగిలితే నేనేం చెయ్యను? ఆ తెనాలి ఆయన్ని అడుగు."

"తెనాలాయన సన్నాసి! కనిపెట్టాడంట కనిపెట్టాడు. మా వీధిలో అందరికీ చెబుతా, ఈ రబ్బరు మిషన్లు ముట్టుకోవద్దని."

ఏసుపాదం జనం వెనక నిలబడి ఆ దోసిలి వైపు చూశాడు. గింజలు సగం బద్దలు. తర్వాత యంత్రం మూతలోంచి డ్రమ్ము వైపు చూశాడు. చూడగానే తెలిసిపోయింది. సాయిబు టైరును రోడ్డుకు ఆనే మందపు భాగంలోంచి కోశాడు. అది ఇనుముకు తమ్ముడు. టైరు పక్క భాగం, తాను చెంప అనుకునేది, పల్చగా ఉండి వంగుతుంది. అందులోంచి కొయ్యాలి. అది విప్పి చూసినంత మాత్రాన తెలియదు. సాయిబు దగ్గరున్న అసలు యంత్రంలో పట్టీలు నిరుడే వాడకంతో గట్టిపడిపోయి ఉంటాయి. వాటిని చూసి గట్టి రబ్బరే కావాలనుకున్నట్టున్నాడు.

అతను ఎవరితోనూ మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు.

స్టేషన్ వైపు నడుస్తుంటే బుర్ర చకచకా పనిచేసింది. ఇది మంచిదే. ఈ రేపల్లె యంత్రాలు గింజ పగలగొట్టి, నాలుగు తిట్లు తిని, వాటంతటవే పోతాయి. చెంప సంగతి తనకొక్కడికే తెలుసు. వకీలు కాగితంలో ఆ చెంపే రాయించవచ్చు. ఇది పండుగలో చూపించిన యంత్రం కాదు, వేరే రకం అనొచ్చు. చలపతిరావు వింటే ఎగిరి గంతేస్తాడు. షెడ్డు, మోటారు, పేరు. కృపమ్మకు వసారా. టిక్కెట్టు తీసుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

కళ్ళు మూసుకుంటే యలమంద దోసిలి కనబడుతోంది. "తెనాలాయన సన్నాసి" అన్న మాటకు రోషం రాలేదు. ఆ బద్దలు చూస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది. తన యంత్రంలాగే ఉన్నది, తన యంత్రం లాగే పిడి తిరిగేది, గింజను అలా నమిలెయ్యడం. ఈ చుట్టుపక్కల కళ్ళాల్లో కర్రలే ఎందుకు ఆడుతున్నాయో ఇప్పుడర్థమైంది. ఇంకో రెండు సీజన్లు ఇలా జరిగితే రబ్బరు మిషను అంటేనే జనం దూరం నుంచే దండం పెడతారు. అప్పటికి పేటెంటు వస్తుంది. వచ్చి ఏం చేసుకోవాలి? యంత్రం మీద తన ఫోటో కూడానూ.

రైలు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. ఏసుపాదం ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, తీసి, వచ్చిన దారినే వడివడిగా నడిచాడు. గేటు దగ్గర టిక్కెట్టు కలెక్టరు, "ఏం బాబూ, ఏమైనా మర్చిపోయారా?" అని అడిగితే, "అవునండి" అన్నాడు.

యలమంద ఇంకా అక్కడే ఉన్నాడు, అరిచి అరిచి గొంతు బొంగురుపోయి టీ తాగుతున్నాడు. ఏసుపాదం తిన్నగా షెడ్డులోకి పోయి, మూల పడున్న పాత టైరు ఒకటి దొర్లించుకొచ్చి ముందు పడేశాడు.

"సాయిబు గారూ, కత్తి ఇస్తారా? సబ్బు నీళ్ళు కూడా కాసిని."

"నువ్వెవరు బాబూ?"

"ఆ తెనాలి సన్నాసిని నేనే."

యలమంద గ్లాసు కింద పెట్టాడు. ఇమామ్ సాహెబు గడ్డం నిమురుకున్నాడు. పోలీసులను వెంటబెట్టుకొచ్చాడేమోనని రోడ్డు వైపు ఒకసారి చూశాడు. తర్వాత కత్తి తెచ్చి ఇచ్చాడు.

ఏసుపాదం కత్తి సబ్బు నీళ్ళలో ముంచి టైరు చెంపలోకి దించాడు. తడిస్తేనే రబ్బరు తెగుతుంది. "ఇక్కడ, ఈ పక్క నుంచి. ఈ దారాల వరస అడ్డంగా రావాలి, నిలువుగా వస్తే చీలిపోతుంది. ఏటవాలు ఇంకాస్త పెంచాలి" అంటూనే పాత పట్టీలు ఊడదీసి కొత్తవి బిగించాడు. సాయిబు బోల్టులు అందించాడు. మధ్యలో ఇద్దరూ వాషర్ల గురించి పోట్లాడుకున్నారు కూడా. సాయిబు వేసిన బేరింగు తన దానికంటే మేలైందని ఏసుపాదం ఒప్పుకోవాల్సి వచ్చింది.

బండిలో మిగిలిన మినుము మోపు వేసి, యలమంద ఒకవైపు, ఏసుపాదం ఒకవైపు పిడి పట్టుకుని తిప్పారు. సాయిబు కోడలు తెచ్చిన చేటలోకి గింజలు దూకాయి. యలమంద చేట ఎత్తి, చెరిగి, ఒక్కో గింజా వేలితో పక్కకు నెట్టి చూశాడు.

"పగల్లేదే!" అన్నాడు. తర్వాత సాయిబు మీదికి తిరిగి, "ముందే ఆయన్ని పిలవచ్చుగా ముసలోడా, నా బస్తా మిగిలేది" అన్నాడు.

"పిలవడానికి నాకేం తెలుసు? డ్రమ్ము మీద పేరుందా, అడ్రసుందా?" అన్నాడు ఇమామ్ సాహెబు.

ఏసుపాదం డ్రమ్ముకు అంటిన పొట్టు దులిపాడు. నిజమే, ఆ మొదటి యంత్రం మీద పేరు రాయలేదు. దేవుడికి ఇచ్చేదాని మీద మన పేరేంటని కృపమ్మ వద్దంది.

చేతులు కడుక్కుంటుంటే సాయిబు పక్కకొచ్చి నిలబడ్డాడు. "నీ పని చూసి చేసుకున్నాను. అడగాల్సింది. తప్పే. ఇప్పుడు నీకేమివ్వాలో చెప్పు బాబూ."

ఏసుపాదం ఇంతసేపూ అది ఆలోచించనే లేదు.

"ఒక మాట చెప్తా విను" అన్నాడు సాయిబే. "ఈ పట్టీలు ఏడాదికోసారి గట్టిపడతాయి, మార్చాలి. ఇక్కడ మాకు మంచి లారీ టైర్లు దొరకవు. నీకు తెనాలిలో దొరుకుతాయి, కొయ్యడం నీకు తెలుసు. నువ్వు పట్టీలు కోసి పంపు, నేను కొంటా. డ్రమ్ములు నేను కొట్టుకుంటా. బాపట్ల వైపు మా షుకూర్ ఉన్నాడు, వాడూ కొంటాడు."

ఆదివారం చలపతిరావు కొట్లో గుంటూరు వకీలు కాగితాలు పరిచి కూర్చుని ఉన్నాడు. ఏసుపాదం నిలబడే చెప్పాడు.

"పేటెంటు వద్దండి."

"ఏమైందయ్యా? ఆ యంత్రం దొరకలేదా?"

"దొరికిందండి. దాంతో పాటు ఇంకో ఆరు దొరికాయి. టైరు ఎలా కొయ్యాలో రేపల్లె సాయిబుకి చూపించి వచ్చాను."

చలపతిరావు కుర్చీ ముందుకు జరిపాడు. "ఎవరైనా బలవంతంగా చెప్పించారా?"

"లేదండి. గింజ పగులుతోందండి."

"గింజ పగులుతోందంట!" చలపతిరావు వకీలు వైపు తిరిగాడు. "విన్నారా? చేతికందిన ముద్ద నేలపాలు చేసుకుని, గింజ పగులుతోందంటున్నాడు. ఏమయ్యా, ఆ సాయిబు నీ మేనమామా? వాడు నీ పేరు ఎక్కడైనా రాస్తాడా?"

"రాయడండి."

"మరి?"

"పట్టీలు కోసి అమ్ముతానండి. ఎవరు చేసినా పట్టీలు కావాలిగా."

వకీలు మాత్రం కళ్ళజోడు పైనుంచి అతన్ని చూసి, "అది అంత తెలివితక్కువ పనేం కాదు" అన్నాడు. చలపతిరావు ఆయన మాటా వినిపించుకోలేదు.

షెడ్డు రాలేదు. కృపమ్మ వారం రోజులు ముభావంగా ఉంది. అబద్ధం తప్పినందుకు సంతోషమో, వసారా ఖాళీ కానందుకు బాధో, ఆవిడ బయటపెట్టలేదు. ఆపైన ఒకరోజు బడి నుంచి వస్తూ లారీ మెకానిక్ దగ్గర పాత టైర్లు ఉన్నాయని ఆవిడే కబురు తెచ్చింది. ఇనప బద్దీల పక్కన టైర్ల దొంతర చేరింది. కుచ్చిళ్ళు ఇంకాస్త ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది.

పట్టీలు నడిచాయి. రేపల్లె, బాపట్ల, పొన్నూరు వైపు యంత్రాలు చేసేవాళ్ళందరూ అతని దగ్గరే కొన్నారు. తొంభైల్లో ట్రాక్టరుకు తగిలించే పెద్ద యంత్రాలు వచ్చాక వాటికీ కొన్నాళ్ళు కోశాడు. బతుకు గడిచింది, పిల్లలు చదువుకున్నారు. రైతులు వాటిని తెనాలి పట్టీలు అనేవాళ్ళు. ఏసుపాదం అన్న పేరు ఎవరి నోటా రాలేదు. అది తలుచుకున్నప్పుడు అతనికి ఒకోసారి చిరాకొచ్చేది. పేటెంటు తీసుకుని ఉంటే అన్న ఆలోచన తెల్లారి టీ తాగేటప్పుడు వచ్చి, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా పోయేది కాదు.

చలపతిరావు మరుసటి సీజనుకే బెజవాడ నుంచి నీలం రంగు యంత్రాలు తెప్పించి కొట్టు ముందు వరసగా నిలబెట్టాడు. వాటి మీద వేరెవరిదో పేరు. మెయిన్ రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ వెళ్ళినప్పుడల్లా ఏసుపాదం అక్కడ దిగేవాడు. మూత ఎత్తి, డ్రమ్ము తిప్పి, చెవి పెట్టి వినేవాడు.

"ఏంటయ్యా, కొంటావా ఏంటి?" అని గల్లా దగ్గర్నుంచి చలపతిరావు అరిచేవాడు.

"లేదండి. ఇక్కడ బోల్టు వదులుగా ఉంది. స్పానర్ ఉంటే ఒకసారి ఇప్పిస్తారా?"